నగరంలో ఆ అమావాస్య తెల్లవారుజాము

2014 జూన్ 27, శుక్రవారం, అమావాస్య. రాష్ట్రం రెండుగా విడిపోయి ఇంకా నెల నిండలేదు. తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలంలోని నగరం గ్రామం ముందు రోజు రాత్రి ఎప్పటిలాగే తలుపులు వేసుకుని పడుకుంది. కొబ్బరిచెట్ల నీడన పెంకుటిళ్ళు, డాబాలు, తాటాకు పాకలు, వాటి మధ్య దుకాణాలు, ఒక టీ కొట్టు. కోనసీమలో ఏ ఊరికి వెళ్ళినా కనిపించేవే ఇవన్నీ.

కంటికి కనపడనిది ఒకటి భూమి లోపల ఉంది. తాటిపాకలో ఓఎన్‌జీసీ దగ్గర గ్యాస్ తీసుకుని, విజయవాడ పక్కన కొండపల్లిలో ఉన్న లాంకో విద్యుత్ కేంద్రానికి చేరవేసే గెయిల్ పైపు. వ్యాసం 18 అంగుళాలు. ఆ పైపు మీదుగా జనం నడిచారు, సైకిళ్ళు తొక్కారు, పిల్లలు ఆడుకున్నారు, దాని దాపునే ఇళ్ళు కట్టుకున్నారు. ఆ గ్యాస్‌తో ఎక్కడో కరెంటు పుడుతుందని తెలుసు గానీ, దానివల్ల తమ ఇంట్లో ఏదైనా జరగవచ్చని అనుకుంటూ ఎవరూ నిద్రపోలేరు కదా.

అలాగని వాళ్ళకు అనుమానమే రాలేదా అంటే, వచ్చింది. గ్యాస్ వాసన వస్తోందని అంతకుముందే చెప్పామని, ఎవరూ పట్టించుకోలేదని గ్రామస్థులు ప్రమాదం జరిగిన రోజే విలేకరుల ముందు గుండెలు బాదుకున్నారు. ఈ గాథలో నేను మరిచిపోలేనిది ఈ ముక్కే. ముక్కుకు తెలిసింది, నోటితో చెప్పారు. వినవలసిన చెవి వినలేదు.

ఆ చీకట్లో పైపు చిల్లుపడింది. పీడనంతో నిండిన గ్యాస్ మట్టిని తోసుకుంటూ పైకొచ్చి ఇళ్ళ మధ్యకు పాకింది. మనుషులు నిద్రలో ఉన్నారు. నిద్రలో ముక్కు కాపలా కాయదు.

ఐదున్నర దాటింది. తెలతెలవారుతోంది. ఆ వేళకు గోదావరి ఊరు ఎలా మేలుకుంటుందో ఈ నేల మీద పెరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వాకిట్లో కళ్ళాపి పడుతుంది. ఒకరు పాలు కాచడానికి స్టవ్ దగ్గరికి వెళతారు. ఒకరు దేవుడి గూట్లో దీపం పెట్టడానికి అగ్గిపెట్టె వెతుక్కుంటారు. ట్యాంకు నింపడానికి మోటారు స్విచ్ వేసేవాళ్ళుంటారు. ముసలాయన అరుగు మీద కూర్చుని బీడీ ముట్టిస్తాడు. టీ కొట్టతను పొయ్యి వెలిగిస్తాడు.

టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి, జనం కూడా అదే చెప్పుకున్నారు. ఆ మాట చెప్పేటప్పుడు మనం తెలియకుండానే వేలు టీ కొట్టు వైపు చూపిస్తాం. నాకది ఎంతమాత్రం ఒప్పుదల కాదు. ఊరంతా గ్యాస్ పరుచుకున్నాక ఆ అగ్గిపుల్ల ఎవరిదైనా అయివుండేది. పాలు కాచే తల్లిదైనా, దీపం పెట్టే నాయనమ్మదైనా. తెల్లవారితే నిప్పు రాజెయ్యని ఊరు లోకంలో ఎక్కడుంది? తప్పు నిప్పు రాజేసిన చేతిది కానే కాదు, గ్యాస్‌ను అక్కడిదాకా రానిచ్చిన వాళ్ళది.

తర్వాత జరిగింది క్షణాల మీద జరిగింది. పెద్ద శబ్దం. మంట ఆకాశానికి లేచింది. కొబ్బరిచెట్లు మొవ్వుల దాకా కాలిపోయాయి. పైపు పగిలిన చోట నేల పెద్ద గొయ్యిలా తెరుచుకుంది. మంచాల మీద ఉన్నవాళ్ళు మంచాల మీదే, బయటికి పరుగెత్తినవాళ్ళు దారిలోనే మంటలకు చిక్కారు. ఇలాంటి చోట పరుగెత్తడం కూడా కాపాడదు, ఎందుకంటే మంట వెనక నుంచి తరుముకు రాదు. మనిషి పరుగెత్తి వెళుతున్న గాలే అంటుకుంటుంది. పశువులు కొట్టాల్లోనే కాలిపోయాయి. అగ్నిమాపక యంత్రాలు వచ్చాయి, పైపులోకి గ్యాస్ ఆపారు, లోపల మిగిలింది మండీ మండీ ఆగింది. కాలినవాళ్ళను అమలాపురం, కాకినాడ ఆసుపత్రులకు తరలించారు. మొదటి రోజు 15 మంది పోయారన్నారు. తర్వాత ఆసుపత్రుల్లో ఒక్కొక్కరే రాలిపోగా ఆ లెక్క 20 దాటింది. వాళ్ళలో చిన్నపిల్లలు ఉన్నారు.

ఆ ప్రాంతానికి నిప్పు కొత్త కాదు. 1995 జనవరి 8న అక్కడికి దగ్గర్లోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. రాత్రులు పగళ్ళయిపోయాయని, దీపం లేకుండా దూరపు ఊళ్ళలో కూడా మనుషుల ముఖాలు కనిపించేవని ఆ తరంవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. పాశర్లపూడి మంట కళ్ళెదుట ఉంది, జనం దూరంగా వెళ్ళిపోగలిగారు. నగరంలో గ్యాస్ చప్పుడు లేకుండా గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

కేంద్ర పెట్రోలియం శాఖ విచారణ కమిటీ వేసింది. కమిటీ తేల్చినది వింటే ఒళ్ళు మండుతుంది. ఆ పైపు పొడి గ్యాస్ కోసం వేసినది. అందులో పంపింది తడి గ్యాస్. భూమిలోంచి వచ్చే గ్యాస్‌లో నీరు, ద్రవరూపంలో ఉండే బరువైన హైడ్రోకార్బన్లు, కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉంటాయి. పైపులోకి వదిలే ముందే ఆ నీటిని తీసెయ్యాలి. అలా తీసే యూనిట్ తాటిపాకలో లేదు. నీరు పైపు అడుగున చేరింది, కార్బన్ డయాక్సైడ్ దాంతో కలిసి ఆమ్లమైంది, ఆమ్లం ఉక్కును లోపలి నుంచి కొద్దికొద్దిగా తినేసింది. పైనుంచి చూస్తే మట్టి, గడ్డి, నడిచే మనుషులు. లోపల గోడ పలచబడిపోతోంది. ఒకనాడు తట్టుకోలేకపోయింది.

పైపులైన్ల బాధ్యత కంపెనీలది, ప్రభుత్వాలది. అందులో సామాన్యుడి వాటా లేదు, ఉందని అనడం అన్యాయం. కానీ ఆ కథ చదివాక నా చూపు నా వంటింటి గట్టు కిందకి మళ్ళింది. అక్కడా ఒక పైపు ఉంది. మీటరున్నర రబ్బరు ట్యూబు. దాని మీద నూనె జిడ్డు, పోపు చిట్లిన మరకలు, వెనకాల గోడకు ఒరిగి మడతపడిన చోటు. ఎవరూ చూడని చోట అదీ కొద్దికొద్దిగా చివికిపోతుంది. తేడా ఒక్కటే, ఈ పైపుకి గెయిల్ లేదు, ఓఎన్‌జీసీ లేదు. దాని ఇంజనీరూ మనమే, తనిఖీ అధికారీ మనమే.

గోదావరి జిల్లాల్లో వంటింట్లోకి గ్యాస్ రావడం పాత కథేమీ కాదు. మా అమ్మమ్మల కాలంలో కొబ్బరి డొక్కలు, మట్టలు, పిడకలే. 1999లో మొదలైన దీపం పథకంతో డ్వాక్రా మహిళల ఇళ్ళకు సిలిండర్లు చేరాయి. 2016లో ఉజ్వల పథకం వచ్చింది. 2024 నవంబరు నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. పొగ నుంచి ఆడవాళ్ళ కళ్ళకు, ఊపిరితిత్తులకు విముక్తి దొరికింది. అది చాలా గొప్ప మేలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు పొయ్యి ఊదని మగవాళ్ళెవరికీ లేదు. అయితే పొగ చెప్పి వచ్చేది. గ్యాస్ చెప్పకుండా వస్తుంది.

చెప్పకుండా వస్తుంది కాబట్టే దానికి వాసన పెట్టారు. దీని వెనక ఒక పెద్ద దుఃఖం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం న్యూ లండన్ అనే ఊళ్ళో బడి కింద సహజవాయువు లీకైంది. దానికి రంగు లేదు, వాసన లేదు, అందుకే ఎవరికీ తెలియలేదు. ఒక యంత్రం స్విచ్ వేయగానే బడి పేలిపోయింది. దాదాపు 300 మంది పిల్లలు, టీచర్లు చనిపోయారు. గ్యాస్‌లో వాసన కలపాల్సిందేనని చట్టాలు చేసింది ఆ తర్వాతే. మన సిలిండరులో కుళ్ళిన కోడిగుడ్డులా, కుళ్ళిన క్యాబేజీలా వచ్చే ఆ కంపు ఇథైల్ మెర్‌కాప్టన్ అనే రసాయనానిది. అంటుకునే స్థాయికి గ్యాస్ చేరకముందే, అందులో ఐదో వంతు ఉన్నప్పుడే ముక్కుకు తెలియాలన్న లెక్కతో కలుపుతారు. ఆ కంపు వచ్చిందంటే మనకింకా కాస్త వ్యవధి ఉందని అర్థం.

ఆ వ్యవధిని మనం ఏం చేస్తున్నాం? ఏ వంటింట్లోనైనా ఈ మాటలు వినిపిస్తాయి.

"అత్తయ్యా, గ్యాస్ వాసనొస్తోందండి."

"ఇందాక పాలు పొంగాయిగా, అదై ఉంటుందిలే అమ్మా. ఫ్యాన్ వెయ్యి, పోతుంది."

ఈ రెండు వాక్యాల్లో ఎంత ప్రమాదం ఉందో చూడండి. పాలు పొంగి మంట ఆరిపోవడం మన ఇళ్ళలో లీకుకు చాలా మామూలు కారణం, అత్తగారు ఊహించింది నిజమే. మంట ఆరినా బర్నరు నాబ్ తిరిగే ఉంటుంది, గ్యాస్ వస్తూనే ఉంటుంది. కానీ ఫ్యాన్ వెయ్యమన్నారే, ఆ స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. వెలుగుతున్న లైటు ఆపినా అంతే. వంటింట్లోనే ఫ్రిజ్ పెట్టుకున్నవాళ్ళు మరీ జాగ్రత్త పడాలి, అది తనంతట తనే ఆగుతూ మొదలవుతూ ఉంటుంది, మనం ముట్టుకోనక్కర్లేదు. ఇంకో సంగతి, ముక్కు కొద్ది నిమిషాల్లో ఆ కంపుకు అలవాటుపడిపోతుంది. ఇప్పుడు వాసన రావట్లేదన్నంత మాత్రాన లీకు ఆగినట్టు కాదు. అప్పుడే బయటి నుంచి వచ్చినవాళ్ళు "ఏంటి ఈ కంపు" అంటే వాళ్ళ మాటే నమ్మాలి.

చెయ్యాల్సింది ఇది. స్టవ్ నాబులు, రెగ్యులేటరు కట్టెయ్యాలి. దేవుడి దగ్గర దీపం, అగరబత్తి, దోమల చుట్ట ఏది వెలుగుతున్నా నోటితో ఊదకుండా తడిబట్ట వేసి ఆర్పాలి. కిటికీలు, తలుపులు బార్లా తెరవాలి. కరెంటు స్విచ్ ఒక్కటి కూడా ముట్టకూడదు, మెయిన్ ఇంటి బయట ఉంటే బయటి నుంచే ఆపొచ్చు. పిల్లల్ని, ముసలివాళ్ళని తీసుకుని వాకిట్లోకి వెళ్ళి, అక్కడి నుంచి ఫోను. గ్యాస్ లీకులకు దేశమంతటికీ ఒకటే నంబరు, 1906. ఫోను వంటింట్లోనే నిలబడి చెయ్యకండి.

తలుపులు తెరిచేటప్పుడు గ్యాస్ నైజం తెలిసుండాలి. సిలిండర్లో ఉండే ఎల్‌పీజీ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. గాలికన్నా బరువు. లీకైతే పైకిపోదు, నేల మీద పరుచుకుని గడపలు దాటి, పల్లంగా ఉన్న గదిలో, మోరీలో, గట్టు కింద అరలో చేరుతుంది. మీరు నిలబడితే ముక్కుకు తెలియకపోవచ్చు, చాప మీద పడుకున్న పసిపిల్ల ముక్కుకు ముందు తగులుతుంది. అందుకే పై వెంటిలేటరొక్కటే చాలదు, కిందనుంచి గాలి పోయే దారి కావాలి. మన మేస్త్రీలు ఇప్పుడు గట్టు కింద సిలిండరుకు చెక్క తలుపులు బిగించి అందంగా కప్పేస్తున్నారు. లీకైన గ్యాస్ అంతా ఆ అరలోనే నిలబడిపోతుంది. ఆ తలుపుకు కిందివైపు రంధ్రాలు పెట్టించండి, లేదా తలుపే తీసెయ్యండి. అందం పోతే పోనివ్వండి.

కాకినాడ, రాజమహేంద్రవరం అపార్టుమెంట్లకు ఇప్పుడు గోదావరి గ్యాస్ కంపెనీ పైపులో గ్యాస్ ఇస్తోంది. అది సహజవాయువు, ఎక్కువ భాగం మీథేన్, గాలికన్నా తేలిక. లీకైతే పైకప్పు కింద చేరుతుంది. అక్కడ పై వెంటిలేటర్లే ప్రాణం. ఏసీ చల్లదనం పోతుందని వాటిని అట్టముక్కలతో మూసేసిన వంటిళ్ళు కొల్లలు. ఒకే వీధిలో ఒక ఇంటికి గ్యాస్ కిందికి దిగుతుంది, పక్కింటికి పైకి ఎక్కుతుంది. మీది ఏదో మీకు తెలియాలి.

రబ్బరు ట్యూబు విషయానికి వస్తే, లోపల ఉక్కుతీగ అల్లిక ఉన్న నారింజరంగు సురక్ష ట్యూబే వాడాలి, ఐదేళ్ళకోసారి మార్చాలి. దాని మీద తేదీ అచ్చువేసి ఉంటుంది. మన ప్రాంతంలో ఎలుకల బాధ చెప్పనక్కర్లేదు, వరిచేల ఎలుకలు ఇళ్ళలోకి వస్తే మామూలు రబ్బరును రాత్రికి రాత్రే కొరికేస్తాయి. తీగ అల్లిక ఉన్నది వాటి పళ్ళకు అంత తేలిగ్గా లొంగదు. అనుమానం ఉంటే కాస్త సబ్బునురుగు తీసుకుని ట్యూబు పొడవునా, రెగ్యులేటరు దగ్గర, స్టవ్ దగ్గర రాయండి. బుడగ పొంగిన చోట లీకు ఉన్నట్టే. అగ్గిపుల్ల గీసి చూసే పాత అలవాటు ఒకటి ఇంకా ఉంది. అది చేసేవాళ్ళ చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కోండి, పెద్దవాళ్ళైనా సరే.

సిలిండరు తెచ్చిన కుర్రాడు గుమ్మంలో దించి వెళ్ళిపోతుంటాడు. రెండు నిమిషాలు ఆపండి. పైన పట్టుకునే చట్రానికి ఆనించిన మూడు ఇనుప పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, సి జూలై నుంచి సెప్టెంబరు, డి అక్టోబరు నుంచి డిసెంబరు. సి-28 అని ఉంటే ఆ సిలిండరును 2028 సెప్టెంబరు ఆఖరులోగా మళ్ళీ పరీక్షకు పంపాలని. ఆ గడువు దాటినది వెనక్కి ఇచ్చెయ్యడం మీ హక్కు, కుర్రాడిని చూసి మొహమాటపడకండి. మూత తీసి వాల్వు లోపల చిన్న రబ్బరు రింగు ఉందో లేదో అతనిచేతే చూపించమనండి. ఆ దారంతో వేలాడే తెల్లమూతను పారేసే ఇళ్ళే ఎక్కువ. వాల్వు దగ్గరే లీకైతే ఆపడానికి మన చేతిలో ఉండే సాధనం అదొక్కటే.

ఒకవేళ రెగ్యులేటరు దగ్గర మంట అంటుకుంటే, చిన్నగా ఉండి చెయ్యి పెట్టగలిగేలా ఉంటేనే, బాగా తడిపిన గోనెసంచి కప్పి రెగ్యులేటరు కట్టాలి. కాదనిపిస్తే సిలిండరుతో పోటీపడొద్దు, మనుషుల్ని బయటికి లాగి 101కి ఫోను చెయ్యండి.

కాలిన మనిషి విషయంలో మనం చేసే పాపం ఇంకొకటి ఉంది. ఇంకు, టూత్‌పేస్టు, పసుపు, వెన్న, ఏది చేతికి దొరికితే అది పూసేస్తాం. ప్రేమతోనే పూస్తాం, ఆ ప్రేమే డాక్టరు పనిని కష్టం చేస్తుంది, పుండులో చీము పట్టిస్తుంది. కాలిన చోట మామూలు చల్లని నీళ్ళు ధారగా 20 నిమిషాలు పొయ్యాలి. ఐసు పెట్టకూడదు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తియ్యాలి. చర్మానికి అంటుకున్న గుడ్డను లాగకూడదు. శుభ్రమైన పలచని బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో కాలేది ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలే. 20 నిమిషాల నీళ్ళు వాళ్ళ గాయం లోతును తగ్గిస్తాయి. మన జిల్లాల్లో నీళ్ళకేం కొదవ?

ఇక గ్యాస్ పైపుల దాపున బతికే ఊళ్ళవాళ్ళకు వేరే జాగ్రత్తలున్నాయి. పైపు వెళ్ళే దారి పొడుగునా పసుపురంగు గుర్తులు పాతి ఉంటాయి, వాటి మీద కంపెనీ ఫోను నంబరు ఉంటుంది. ఆ నంబరు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ, బళ్ళోనూ, టీ కొట్టులోనూ గోడ మీద ఉండాలి. చేలో ఉన్నట్టుండి వరి ఎండిపోయినట్టు కనిపించినా, పంటబోదెలో నీళ్ళు కారణం లేకుండా బుడగలు కడుతున్నా, భూమిలోంచి బుస్సుమనే చప్పుడు వినిపించినా గ్యాస్ అయివుండొచ్చు. సుదూరం పోయే పెద్ద పైపుల్లోని గ్యాస్‌కు ఇంటి సిలిండరుకు కలిపినట్టు వాసన కలపకపోవచ్చు కూడా, కాబట్టి వాసన లేదని ధీమా పడొద్దు. అక్కడ బండి స్టార్టు చెయ్యకండి, బీడీ వెలిగించకండి. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని ఆ వైపుకి నడిచి దూరంగా వెళ్ళండి, అక్కడి నుంచి ఫోను చెయ్యండి. కంపెనీకి, 112కి, తహసీల్దారు ఆఫీసుకి మూడు చోట్లకీ చెప్పండి. ఫోను ఎత్తినవాళ్ళ పేరు, టైము, ఫిర్యాదు నంబరు అడిగి కాగితం మీద రాసిపెట్టుకోండి. పంచాయతీ చేత కూడా రాతపూర్వకంగా పంపించి రసీదు తీసుకోండి. నగరం వాళ్ళు ముందే చెప్పామన్నారు, ఎవరూ పట్టించుకోలేదన్నారు. మీ దగ్గర కాగితం ఉండాలి. మర్నాడు కూడా వాసన వస్తుంటే మర్నాడు మళ్ళీ ఫోను చెయ్యండి.